దసరాకు రంగేసిన సైకిలు

కోపం తగ్గాక రాయమన్నారు మా ఇంట్లోవాళ్ళు. తగ్గేదాకా ఆగితే ఈ జన్మకు రాయలేనని తెలుసు కాబట్టి కోపంతోనే కూర్చున్నాను. మీరు నా ఈడువాళ్ళై, అందులోనూ ఒకప్పుడు మస్కటో దుబాయో పోయి ఇసుకలో చెమటోడ్చి వచ్చినవాళ్ళైతే, ఈ కోపం ఎక్కడిదో మీకు పెద్దగా విడమరిచి చెప్పే పనిలేదు. మొన్న కోరుట్లలో మా అక్క ఇంటికి పోయాను. అక్క భర్త, మా బావ, వడ్రంగి. ఆయన కాలం చేసిన దగ్గర్నుంచి వెనక షెడ్డు మూతపడి ఉంది. దాన్ని కూల్చి అద్దె గదులు వేద్దామని మా మేనల్లుడు లోపలి సామానంతా వాకిట్లోకి చేరవేయించాడు. రంపాలు, చిత్రికలు, విరిగిన మంచం కోళ్ళు, వాటి మధ్యన ఒక సైకిల్ ఫ్రేము. చక్రాల్లేవు, హ్యాండిల్ లేదు, సీటు లేదు. మాసిపోయిన ఆకుపచ్చ రంగు, గొట్టాలు కలిసేచోటల్లా ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ బొట్లు ఒకదానిమీద ఒకటి పేరుకుని గట్టిపడి ఉన్నాయి.

ఈమధ్య పట్నంలో పాత సామాన్ల మీద మోజుపడ్డవాళ్ళు బయల్దేరారు కదా, గ్రామఫోనులు, ఇత్తడి గంగాళాలు, పాత సైకిళ్ళు వెతుక్కుంటూ తిరుగుతుంటారు. అలాంటివాణ్ణి ఒకణ్ణి మా మేనల్లుడు ఫోన్లో ఫొటో పంపి రప్పించాడు. మనిషి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. వచ్చీరాగానే ఫ్రేమును తలకిందులు చేసి, పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం కింద ఫోన్ లైటు వేసి చూశాడు, వేలితో రుద్దాడు, పెదవి విరిచాడు. "నంబర్ గీకేశారంకుల్. ఇట్లా గీకినవన్నీ దొంగ సైకిళ్ళే. ఎవరో కొట్టుకొచ్చి మీ షెడ్డులో పడేసి ఉంటారు," అన్నాడు. మా అక్క అక్కడే అరుగుమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె చెయ్యి ఆగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫ్రేమునే, ఆ చోటునే చూసి, ఆ మాటనే మరొకడు అనగా విన్నాను నేను, మస్కట్ దగ్గర ఘాలా క్యాంపులో, మా బావ పక్కన నిలబడి. యాభై ఏళ్ళు కావస్తోంది. మళ్ళీ అదే మాట, ఈసారి ఆయన పోయాక, ఆయన వాకిట్లో, ఆయన భార్య వింటుండగా.

అసలు సైకిల్ ఫ్రేము వయసు నంబరు చూసి చెప్పేవాడికి ఫ్రేము తెలియదని నేనంటాను. నేను మస్కట్ పోకముందు కోరుట్ల బస్టాండు దగ్గర ఒక సైకిల్ షాపులో పనిచేశాను. మా మేస్త్రికి చదువు లేదు, ముక్కుమీద కోపం, పొద్దున లేస్తే తిట్లే, కానీ ఫ్రేము చేతికిస్తే చెయ్యి తిప్పి చెప్పేవాడు. ముందు ఎత్తి చూడమనేవాడు, మంచి ఉక్కు పల్చగా ఉండి బలంగా ఉంటుంది, నాసిరకం మందంగా ఉండి బరువు మోస్తుంది. తర్వాత తాడుకు వేలాడదీసి రించితో చిన్నగా కొట్టమనేవాడు, మంచిదైతే మోగుతుంది, కాకపోతే మొద్దు చప్పుడు వస్తుంది. సీటు గొట్టంలోకి వేలు పెట్టి లోపలి గోడ తడమమనేవాడు. రేకును చుట్టి అతికిన గొట్టమైతే లోపల నిలువునా గీత తగులుతుంది, సాగదీసి చేసిన గొట్టమైతే నున్నగా ఉంటుంది. గొట్టాలు కలిసేచోట తొడుగులుంటాయి చూడండి, వాటి అంచులు. పాతకాలంలో ఒక మనిషి కూర్చుని ఆ అంచుల్ని ఆకురాయితో పల్చబడేదాకా రాకేవాడు, అతుక్కుపోయిన ఇత్తడి సన్నటి దారంలా కనపడేది. తర్వాత వచ్చినవాటికి ఆ ఓపిక ఎవరికుంది, అంచు మొద్దుగా ఉంటుంది, ఇత్తడి ముద్దలు ముద్దలుగా బయటికి కారి ఉంటుంది. ఇరుసు గొట్టానికి నూనె పోసే చిన్న మూత ఉందా, దీపం తగిలించే కొక్కెం ఫ్రేముతోపాటే పుట్టిందా తర్వాత బిగించిందా, వెనక చక్రం కూర్చునే చెవులు దిట్టమైన ఉక్కువా రేకు ముక్కలా, ఇవన్నీ అయ్యాకే నంబరు. నంబరు చివరి మాట. ఇప్పటివాళ్ళు చివరి మాట దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

మేమిద్దరం ఒక్కసారే పోయాం మస్కట్. బావ షట్టరింగ్ వడ్రంగిగా, నేను గ్యారేజీలో మెకానిక్ చేతికింద. మొదట మమ్మల్ని మస్కట్‌కు దూరంగా, కొండల అవతల ఇబ్రా అనే ఊళ్ళో వేశారు, అక్కడ బడి బిల్డింగు కడుతోంది కంపెనీ. అప్పుడప్పుడే ఆ దేశంలో రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు లేస్తున్న కాలం, ఎక్కడ చూసినా సిమెంటు బస్తాలూ కొండలూ ఖర్జూరపు తోటలూను. సైట్ పక్కన మట్టి ఇంట్లో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన వయసులో ఉన్నదంతా ఆఫ్రికా పక్కన జాంజిబార్ దీవిలోనట, అక్కడ లవంగాల తోటలు, మనదేశపు గుజరాతీ దుకాణాలు, ఆ దుకాణాల్లో నేర్చుకున్న వచ్చీరాని హిందీ. అక్కడ అల్లర్లు చెలరేగి అరబ్బులందరినీ తరిమేస్తే ఇల్లువాకిలి వదిలి తాతల ఊరైన ఇబ్రాకు వచ్చేశాడు. వస్తూ వస్తూ పడవలో తెచ్చుకున్న సామాన్లలో ఆయన సైకిలు ఒకటి. నల్ల రంగు, అక్కడక్కడ బంగారు గీతల ఆనవాళ్ళు, ఎత్తైన ఇంగ్లీషు సైకిలు.

ఆ ముసలాయన ఇంటి తలుపు చెక్కుడు పనిది, చెదపట్టి కింద భాగం రాలిపోయింది. మా బావకు అలాంటిది కంటపడితే నిద్రపట్టదు. డ్యూటీ అయ్యాక పోయి, ఒక్కో సాయంత్రం ఒక్కో ముక్క చెక్కి, పాత చెక్కుడుకు కొత్తది ఎక్కడ కలిసిందో తెలియకుండా అతికాడు. ఏమిస్తానన్నా పుచ్చుకోలేదు. అప్పుడా ముసలాయన తన మోకాళ్ళు చూపించి, ఇవి ఇక సైకిల్ తొక్కవని చెప్పి, గోడకానించిన సైకిలు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. బావ దాన్ని నడిపించుకుంటూ రూముకు తెచ్చి, పెళ్ళికూతుర్ని తెచ్చినవాడిలా సిగ్గుపడుతూ, జర చూసి చెప్పు బామ్మర్దీ అన్నాడు. నేను మా మేస్త్రి చెప్పినట్టు అన్నీ చూశాను. లోపలి గోడ నున్నగా ఉంది, అంచులు చేత్తో రాకినవి, నూనె మూత ఉంది, తాడుకు వేలాడదీసి కొడితే మోగింది. మనం పుట్టకముందు ఇంగ్లీషువాళ్ళు పెద్ద యుద్ధానికి ముందు చేసిన సైకిల్ ఇది బావా, ఇలాంటిది మన షాపులోకి నా ఎరుకలో రాలేదు అని చెప్పాను. ఆయన మొహం చూడాలి మీరు. బతికినన్నాళ్ళూ ఎవరింటికో తలుపులు చేసినవాడు, తనదంటూ ఒక మంచి వస్తువు చేతికి రావడం అదే మొదలు.

తర్వాత మమ్మల్ని ఘాలా క్యాంపుకు మార్చారు. ఇప్పటి ఘాలా పేరు చెబితే గ్యారేజీలు, గోడౌన్లు, కంపెనీ బస్సుల బారులు గుర్తొస్తాయి మన పిల్లలకు. అప్పుడు బోడి కొండలు, వాటి ఒడిలో మా రేకుల రూములు, ఎదురుగా కంపెనీ యార్డు, అంతే. శుక్రవారం వచ్చిందంటే బావ సైకిలెక్కి సముద్రం ఒడ్డుకు పోయి, వలలు లాగేవాళ్ళ దగ్గర చేపలు పట్టుకొచ్చేవాడు, మా రూములో ఆ రోజు పులుసు వాసనకు పక్క రూములవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. క్యాంపులో మిగతావాళ్ళకు టేప్‌రికార్డర్ మీద కల, వాచీ మీద కల. మా బావకు ఆ సైకిలే.

ఇక దసరా వచ్చింది. మనకు దసరా అంటే పనిముట్టుకు పూజ చెయ్యకుండా ఉండలేం కదా. పరాయి దేశమని ఊరుకుంటామా. గ్యారేజీ మూలన ఒక బల్ల వేసి, రంపాలు, సుత్తులు, రించీలు కడిగి పేర్చి బొట్లు పెట్టుకునేవాళ్ళం. అక్కడి వాగుల్లో పెరిగే ఒక చెట్టు, అరబ్బులు గాఫ్ అంటారు, ఆకు తుంచి చూస్తే మన జమ్మే. అది కనిపెట్టిన రోజు మావాళ్ళు కొందరు ఆ చెట్టుకు చేతులు జోడించి ఏడ్చారంటే మీరు నవ్వకండి. దసరానాడు ఆ జమ్మి తెచ్చి ఒకరి చేతిలో ఒకరం పెట్టుకుని, బంగారం బంగారం అనుకుంటూ కౌగిలించుకునేవాళ్ళం. ఆ ఏడు బావకు సైకిల్ కూడా పూజకు పెట్టాలని పట్టుదల. సముద్రపు గాలికి దానికి తుప్పు పట్టింది, కిందివైపు మరీ గరుకు తేలింది. తుప్పు పట్టిన పనిముట్టుకు బొట్టు పెట్టకూడదని మన పట్టింపు. నేను గ్యారేజీలో డ్యూటీలో ఉండగా, ఆయన తలుపును నునుపు చేసినట్టే ఫ్రేమంతా గరుకు కాగితంతో పైపైన రుద్ది, గుంటలు పడినచోట ఆకురాయి పెట్టి రాకి, ఆపైన యార్డులో అందరం పెట్టెలకూ మంచాలకూ పూసుకునే ఆకుపచ్చ రంగు పూసేశాడు. ఇరుసు గొట్టం కింద తుప్పు తిన్న అంకెలు ఏవో ఉన్నాయట. వడ్రంగి కంటికి అవి గరుకే గాని నంబరని ఎట్లా తెలుస్తుంది. నున్నగా రాకేశాడు.

ఆ ఆకుపచ్చే కంపెనీ రంగు. గేట్లకు అదే, షెడ్లకు అదే, టైంకీపర్లు సైట్ల మధ్య తిరగడానికి కంపెనీ తెప్పించిన సైకిళ్ళకు కూడా అదే. మేం బొట్టు పెట్టి, కొబ్బరికాయ దొరక్క నిమ్మకాయ కోసి, మురిసిపోయాం. కొన్నాళ్ళకే యార్డులో కంపెనీ సైకిలొకటి కనిపించడంలేదని గొడవ మొదలైంది.

మా క్యాంప్ బాస్ మనదేశంవాడే, ఏ ప్రాంతమైతే ఏంలెండి, అలాంటివాడు అన్ని ప్రాంతాల్లోనూ పుడతాడు. అరబ్బుల ముందు నడుం వంచేవాడు, మా ముందుకొచ్చేసరికి ఎక్కడలేని నిక్కు. ఆ మధ్యాహ్నం మెస్ దగ్గర పళ్ళేలు పట్టుకుని బారుగా నిలబడ్డాం. ఆయన నేరుగా బావ సైకిల్ దగ్గరికి పోయి, వంచి కింద చూశాడు, కొత్త రంగు చూశాడు, నంబరు లేకపోవడం చూశాడు. క్యాంపు మొత్తం వినేలా, "యే దేఖో చోర్. నంబర్ ఘిస్ దియా, రంగ్ మార్ దియా," అన్నాడు. నంబరు రాకేశాడు, రంగేసేశాడు, ఇదిగో దొంగ అని వేలు పెట్టి చూపించాడు. బావ చేతిలో పళ్ళెం అలాగే ఉంది. మలబారువాళ్ళు, పంజాబీలు, పాకిస్తానీలు, మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు అందరూ తలలు తిప్పి చూశారు. బావకు హిందీ అంతంతమాత్రం, కానీ ఆ ఒక్క ముక్క ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. దొంగ ముద్రతో ఇంటికి పంపేస్తానన్నాడు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది, అదే విమానంలో మా ఊరివాళ్ళు నలుగురు పోతారు, ఊళ్ళో దిగేసరికి సంగతి ఆయనకన్నా ముందు దిగుతుంది.

నేను ఊరుకోలేదు. అప్పటికి కుర్రవాణ్ణి, ఇప్పటికన్నా నోరు జాస్తి. బావ సైకిల్నీ కంపెనీ సైకిల్నీ పక్కపక్కన తలకిందులుగా నిలబెట్టి, బాస్‌ను పిలిచి, సీటు గొట్టంలో వేలు పెట్టి చూడమన్నాను. కంపెనీదానికి లోపల గీత ఉంది, బావదానికి లేదు. కంపెనీదాని అంచు మొద్దుగా ఉంది, బావదానిది పల్చగా ఉంది. నూనె మూత బావదానికుంది, కంపెనీదానికి లేదు. రెండింటినీ కొట్టి వినిపించాను. బావ సైకిలుకు ఆకుపచ్చ గీకితే కింద నలుపు, బంగారు గీత. కంపెనీ సైకిలుకు ఆకుపచ్చ గీకితే ఉత్త ఇనుము. చుట్టూ చేరినవాళ్ళకు అర్థమైంది, బాస్‌కు కూడా అయింది, నాకు తెలుసు. గడ్డం గీరుకుని, అచ్ఛా, కంపెనీది కాదు సరే అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, "తో ఇత్నా అచ్ఛా సైకిల్ ఇస్కే పాస్ కహాఁ సే? కిసీ ఔర్ కా మార్ దియా," అన్నాడు. ఇంత మంచి సైకిలు వీడికెక్కడిది, ఇంకెవరిదో కొట్టుకొచ్చాడని. అంటే నేను ఎంత మంచిదని నిరూపిస్తే అంత దొంగను చేశాడు మా బావను. కూలివాడి దగ్గర మంచి వస్తువుంటే అది దొంగదే అయి ఉండాలి. వాడి నోట్లో మన్ను పడ, ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నా పళ్ళు నూరుకుంటాయి.

ఇక మిగిలింది ఇబ్రా ముసలాయన ఒక్కడే. ఇబ్రాకు సిమెంటు తోలే లారీ డ్రైవరు కడప సాయిబు, మా రూముకు చేపల పులుసుకు వచ్చేవాళ్ళలో ఒకడు. నేను ఎట్లా అని తల పట్టుకుని కూర్చుంటే భుజం తట్టి, "నువ్వు గమ్మునుండప్పా. ఆ ముసలాయన్ను నేను పిల్చుకొస్తా. ఫికర్ నక్కో," అన్నాడు. అన్నట్టే తర్వాతి ట్రిప్పులో, కొండల మధ్య ఆ దారిన అంతదూరం, తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ముసలాయన తెల్లటి చొక్కాలో, నడుముకు వెండి ఒరలో వంకీ కత్తి పెట్టుకుని, కర్ర పట్టుకుని దిగాడు. అరబ్బు పెద్దమనిషి రాగానే మా బాస్ కుర్చీ తెప్పించాడు, అరబ్బులు తాగే కాఫీ, కావా తెప్పించాడు, వంగి వంగి సలాములు. ముసలాయన కావా ముట్టలేదు. సైకిల్ దగ్గరికి కూడా పోలేదు. దూరం నుంచే, చైను వైపు వెనక గొట్టం, చక్రం చెవికి దగ్గర, లవంగాల బస్తా మోసి అక్కడ పగిలింది, జాంజిబార్‌లో ఇత్తడి పోసి అతికించాను, గీకి చూడండి అన్నాడు. నేను కత్తి మొనతో గీకాను. ఆకుపచ్చ పోయింది, నలుపు పోయింది, కింద పసుపుపచ్చగా ఇత్తడి మెరిసింది.

"యే మేరా సైకిల్. ఇస్‌నే మేరా దర్వాజా బనాయా, మై సైకిల్ దియా. చోర్ కౌన్ బోలా?" అన్నాడు ముసలాయన. నా తలుపు బాగుచేసినందుకు నేనే ఇచ్చాను, దొంగ అని ఎవరన్నారని అడిగితే మా బాస్ నవ్వులోకి దిగి, ఏదో పొరపాటు, మాలూం నహీ థా, అంటూ ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. పోయిన కంపెనీ సైకిలు ఆ వారంలోనే దొరికింది. టైంకీపరు ఒకడు అల్ హైల్ సైట్‌కు తొక్కుకుపోయి, తిరుగు ప్రయాణంలో బస్సు దొరికితే దాన్ని ఇసుక కుప్ప వెనక మరిచిపోయి వచ్చాడట. దొంగా లేడు, దొంగతనమూ లేదు.

ఇంతటితో అయిపోవాల్సింది. బాస్ మా బావవైపు చెయ్యి ఊపి, "ఖల్లీ వల్లీ, జా, డ్యూటీ పే జా," అన్నాడు. అయిందేదో అయింది, పనికి పో అని. నేను బావ రెక్క పట్టుకుని లాగాను. ఆయన కదల్లేదు. నాతో తెలుగులో చెప్పి హిందీలో చెప్పమన్నాడు. "మెస్సు కాడ గందరి ముంగట దొంగన్నడు. మల్ల గందరి ముంగట్నే దొంగ కాదని ఒక్క మాట అనుమను. ఇంకేమద్దు నాకు," అన్నాడు. నేను చెప్పాను. బాస్ నవ్వాడు. పనికి పొమ్మన్నానుగా, అది చాలదా అన్నాడు. లేబర్‌కు నేను మాఫీ చెప్పాలా అని పక్కనున్నవాళ్ళను చూసి మళ్ళీ నవ్వాడు. ముసలాయన ఏదో అరబ్బీలో గట్టిగానే అన్నాడు, బాస్ ఆయనకు మళ్ళీ సలాం పెట్టాడు గానీ ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

బావ ఆ పూట నుంచి పని ముట్టలేదు. రోజూ మధ్యాహ్నం మెస్ దగ్గరికి వచ్చి, పళ్ళెం లేకుండా, బాస్ వచ్చే దారిలో నిలబడేవాడు. మేం బతిమాలాం, తిట్టాం, కడప డ్రైవరు గడ్డం పట్టుకున్నాడు. "పని పోతె పాయె బామ్మర్దీ. దొంగ అన్నోని కింద నేను చెయ్య," అనేవాడు. చివరికి పని ఎగ్గొడుతున్నాడని వీసా క్యాన్సిల్ చేసి పంపించేశారు. పోయేముందు చక్రాలూ హ్యాండిలూ రూములో పంచేసి, ఫ్రేమును ఒక్కదాన్నే కంబళిలో చుట్టుకుని తీసుకెళ్ళాడు. సీబ్ విమానాశ్రయంలో నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఈ మాట మీ అక్క చెవిన పడొద్దని. ఎండ పడలేదని చెప్తా అన్నాడు. నేను దొంగ కాదని చెప్పడానికైనా ముందు దొంగ అన్నారని చెప్పాలి కదా, ఆ మాట నా నోటితో మీ అక్కకు చెప్పలేను అన్నాడు.

ఎండ పడలేదన్న సాకుతోనే బతికాడాయన. తోటివాళ్ళు ఎన్నోసార్లు పోయి వచ్చి మిద్దెలు లేపారు, ఈయన షెడ్డులో తలుపులు చేసుకున్నాడు. మళ్ళీ ఏ దేశమూ పోలేదు. ఫ్రేమును షెడ్డులో కొక్కేనికి తగిలించాడు. చక్రాలు వేయించి ఇస్తానని నేను ఎన్నిసార్లు అన్నా వద్దనేవాడు. దసరా వస్తే మాత్రం రంపాలతోపాటు దాన్ని కూడా దించి తుడిచి బొట్టు పెట్టేవాడు. ఆ బొట్లే అవి, పేరుకుని గట్టిపడినవి.

ఇదంతా మొన్న ఆ వాకిట్లో నిలబడి ఆ పట్నం మనిషికి చెప్పాను. చెప్పడమేమిటి, అరిచాను. ఒట్టు గిట్టు గుర్తురాలేదు, గుర్తొచ్చినా ఆగేవాణ్ణి కాదు. ఆయన చైను గొట్టం దగ్గర ఇత్తడి అతుకు వెతుక్కునేదాకా వదల్లేదు. దొరికింది. ఇప్పుడను, దొంగ సైకిల్ కాదని మా అక్క ముందు అను అన్నాను. ఆయన అన్నాడు. వెంటనే అన్నాడు, చూడండి, ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. "అయ్యో సారీ అంకుల్, సారీ ఆంటీ, దొంగది కాదు, నేనేదో జనరల్‌గా అన్నా," అని, అంటూనే ఫోన్ మోగితే చూసుకున్నాడు. నేను అంత కోపం కట్టుకుని నిలబడితే దానికి ఎదురుగా ఏమీ లేకుండా పోయింది.

మా అక్క అరుగు దిగి వచ్చింది. చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఎండకాలం వస్తె సాలు, నీడపట్టున కూసోరాదు, మస్కట్ ఎండకే ఉరికొచ్చినోనివి అని ఎక్కిరిచ్చెదాన్ని తమ్మీ. ఆయన నవ్వెటోడు. ఒక్కనాడన్న నోరిప్పలే," అంది. అంతే అని ఫ్రేము పక్కన చతికిలబడింది. మేనల్లుడు పట్నం మనిషిని మెల్లగా బయటికి తీసుకుపోయాడు. ఇది ఇక అమ్మేది లేదని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు బస్సులో కాలు తొక్కినా సారీ అంటారు, ఫోన్ తప్పు నంబరుకు కలిసినా అంటారు, బ్యాంకులో అంటారు, ఆసుపత్రిలో అంటారు. మంచిదే, కాదనను. ఘాలాలో ఇప్పుడు పనిచేసే మా ఊరి పిల్లలు, మా దగ్గర అలా నోరు పారేసుకుంటే కంప్లయింట్ పెడతాం తాతా అంటారు, అదీ మంచిదే. కానీ ఆ మాట కోసం ఒక మనిషి తిండి మానేసి దారిలో నిలబడిన రోజుల్లో అది ఎవరి నోటా రాలేదు, ఇవాళ అడిగినవాడికల్లా ఊరికే దొరుకుతోంది, వినవలసినవాడు మాత్రం లేడు. నాకిది ఎవరిమీద కోపమో కూడా సరిగ్గా తెలియడంలేదు. బతికుంటే ఆ క్యాంప్ బాస్‌కు ఇప్పుడు ఎంత వయసుంటుందో, ఈ సంగతి గుర్తుంటుందో లేదో. గుర్తుండదు. ఆ మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేచేసరికే మరిచిపోయి ఉంటాడు.

నంబరు ఏడ రాకిండు అని అడిగింది అక్క. ఫ్రేమును ఆమె ఒడివైపు వంచి ఇరుసు గొట్టం కింద చూపించాను. ఆ నున్నటి చోట వేలు పెట్టి చూసుకుంది. బొట్లు తుడవబోతే వద్దన్నాను. తుడుస్తలేను, ఈ దసరాకు నేను పెట్టాలె గద, జాగ చూసుకుంటున్న అంది.